ఒప్పందంలో తలంటు

కోర్టుకెక్కలేదని నన్ను చేతకానిదాని కింద జమకట్టినవాళ్లు అమెరికాలో మేముండే ఊరు క్యారీలో తక్కువేం లేరు. ఆదివారం మా తెలుగు చర్చిలో ఆరాధన అయిపోయాక, బిర్యానీ ప్లేటు పట్టుకుని పక్కకొచ్చి నిలబడి, "పోనీలే అమ్మా, రాజీపడ్డావంట, మంచి పని చేశావు" అంటారు. ఆ "పోనీలే" వింటే నాకు ఒళ్లు మండుతుంది. నేను రాజీకి వచ్చాను, రాజీపడలేదు. ఈ రెంటికీ తేడా తెలియకుండా మన ఇళ్లలో ఎవరూ పెరగరు. తెలిసే అంటారు. అందుకే ఇది రాస్తున్నాను.

రాయొచ్చా అని ముందే అడిగాను. కోర్టుకెళ్లకుండా మధ్యవర్తి ముందు తేల్చుకునే మీడియేషన్ గదిలో మాట్లాడుకున్నవి బయటికి చెప్పకూడదని మొదటి రోజే కాగితం మీద సంతకాలు తీసుకుంటారు. కాబట్టి మీడియేటర్‌ని అడిగాను, ఆయన్ని అడిగాను. "పేర్లు లేకుండా రాసుకో" అన్నాడాయన. అత్తయ్యని కూడా అడిగాను. "రాసుకో. డెబ్భై ఎనిమిదేళ్లొచ్చినా నా జుట్టు సగం నలుపేనని మాత్రం రాయి" అంది. రాశాను అత్తయ్యా.

ఆయన అంటే నేను విడాకులు తీసుకున్న మనిషి. ఇరవై రెండేళ్లు "మా ఆయన" అన్నాను. "మా" తీసేశాను, "ఆయన" మిగిలింది. ఇరవై రెండేళ్లు "అన్నారు, వచ్చారు" అని చెప్పుకున్నాను. ఇప్పుడు "అన్నాడు, వచ్చాడు" అంటున్నాను. ఇది నాకు ఏ కోర్టూ ఇవ్వలేదు, నేనే తీసుకున్నాను. ఎదురుపడితే మాత్రం ఇంకా "మీరు" అనే వస్తుంది నోటికి.

ఆయన చెడ్డవాడు కాదు. తాగడు, అరవడు. కాకపోతే నిర్ణయాలన్నీ తీసేసుకున్నాక నాకు చెప్తాడు. ఉద్యోగం మారడం, ఇల్లు మారడం, మా అమ్మాయి ఏ స్కూల్లో చేరాలో, చివరికి హాల్లో సోఫా ఏ రంగో కూడా డెలివరీ ట్రక్కు వాకిట్లోకి వచ్చాకే నాకు తెలిసేది. అడిగితే "నీకెందుకు టెన్షన్ అని నేనే చూసేశా" అనేవాడు. నేను హాస్పిటల్లో ఫార్మసిస్ట్‌ని. డాక్టర్ రాసిన డోసు తప్పనిపిస్తే ఫోన్ చేసి మార్పిస్తాను, వాళ్లు వింటారు. ఇంట్లో నా మాట గోధుమరంగు సోఫా దాకా కూడా చెల్లలేదు. మా అమ్మాయి కాలేజీకి వెళ్లిన ఏడాది, నేను పది నిమిషాల దూరంలో ఒక అపార్ట్‌మెంట్ అద్దెకి తీసుకుని వెళ్లిపోయాను. ఆ నిర్ణయం కూడా తీసుకున్నాకే ఆయనకి చెప్పాను. కొంచెం తృప్తిగానే అనిపించింది, దాచను.

నేను సామాన్లు సర్దుకుంటున్న వారంలోనే మా చర్చి సంఘ పెద్దలు ముగ్గురు ఇంటికొచ్చారు. "పెద్దల్లో పెట్టుకుంటే తేలిపోయేదానికి లాయర్లెందుకమ్మా" అన్నారు. ముగ్గురూ ఆ గోధుమరంగు సోఫా మీదే కూర్చున్నారు, వాళ్ల మధ్యలో ఆయన. నాకు ఎదురుగా ఒక డైనింగ్ కుర్చీ వేశారు. ప్రార్థన చేశారు, నేను వేసిన పకోడీలు తిన్నారు. అందరిలోకీ పెద్దాయన, రిటైరైన డాక్టరు, గొంతు సవరించుకుని మొదలుపెట్టాడు.

"చూడమ్మా, సర్దుకుపోవాలి. మగవాళ్లు కొంచెం అలాగే ఉంటారు."

"అంకుల్, మధ్యవర్తి అంటే మధ్యలో కూర్చోవాలి. మీరు ముగ్గురూ అటుపక్క కూర్చున్నారు" అన్నాను.

ఆ అంకుల్ పకోడీ ప్లేటు టీపాయ్ మీద పెట్టేశాడు. నాకు ముక్కు మీద కోపమని ఆ ఆదివారానికల్లా చర్చి అంతటికీ తెలిసిపోయింది.

ఇంకోపక్క నా స్నేహితురాళ్లు. వాళ్లు నన్ను కోర్టు మెట్లెక్కించి గాని నిద్రపోయేలా లేరు. "వదలొద్దే, లాగు కోర్టుకి, ముక్కుపిండి వసూలు చెయ్" అన్నారు. ఒకామె మంచి లాయర్ దగ్గర అపాయింట్‌మెంట్ కూడా బుక్ చేసింది. వెళ్లాను. ఆ లాయర్ ఇల్లు గురించీ రిటైర్‌మెంట్ ఖాతాల గురించీ చెప్పుకుంటూ పోతుంటే ఆపి, నేను అడగాలనుకున్నది అడిగాను. "మా అత్తగారిని వారానికోసారి చూసే హక్కు నాకు జడ్జి ఇస్తారా?"

లాయర్ పెన్ను పక్కన పెట్టింది. "అత్తగారా? పిల్లలైతే అడగొచ్చు. విడాకులయ్యాక ఆవిడ మీకు చట్టప్రకారం ఏమీ కారు. ఏ జడ్జీ అలాంటి ఆర్డర్ ఇవ్వరు."

"మరి ఎవరిస్తారు?"

"ఎవరూ ఇవ్వరు. మీ ఇద్దరూ ఒప్పుకుంటే మాత్రం ఏదైనా రాసుకోవచ్చు. దానికి మీడియేషన్‌కి వెళ్లాలి."

అప్పుడే నిర్ణయించుకున్నాను. కోర్టంటే భయపడి కాదు, కోర్టుకి నా పని చేతకాదని తెలిసి వెళ్లలేదు.

ఇంతకీ నా పని ఏమిటంటే, తలంటడం.

అత్తయ్య మా అమ్మాయి పుట్టినప్పుడు గుంటూరు నుంచి వచ్చింది. మా అమ్మ అప్పటికే లేదు. నార్త్ కరోలినా చలికాలంలో, అపార్ట్‌మెంట్ బాత్‌టబ్‌లో, నాకు బాలింత స్నానాలు చేయించింది ఆవిడే. అప్పట్నుంచి మాతోనే ఉంది. ఆరేళ్ల కిందట చిన్న స్ట్రోక్ వచ్చి కుడిచెయ్యి భుజం దాటి పైకి లేవడం మానేసింది. జుట్టు నడుము దాకా ఉంటుంది. కత్తిరించుకోమంటే "నేను పోయాక కత్తిరించండి" అంటుంది. కాబట్టి శనివారం శనివారం ఆ తల నా చేతికొచ్చింది. కొబ్బరినూనె గోరువెచ్చగా కాచి మాడుకి పట్టించడం, టబ్‌లో ప్లాస్టిక్ స్టూలు వేసి కూర్చోబెట్టడం, కుంకుడురసం పోసి రుద్దడం. పొడి ఒప్పుకోదు, కాయలే తెప్పించి మరిగించాలి. ఇంత జుట్టు ఆరేసరికి మధ్యాహ్నమవుతుంది, ఆదివారం చర్చికి జడ నున్నగా ఉండాలి.

ఆ గంటన్నర మేము మాట్లాడుకునేవాళ్లం. నేను మాట్లాడేదాన్ని, ఆవిడ వినేది. కళ్లు మూసుకుని, నురుగులో, పాపం ఎక్కడికి పోగలదు? ఆయన మీద నాకున్న కోపమంతా ఆ బాత్రూమ్‌లోనే వెళ్లగక్కాను. ఆవిడ ఒక్కరోజూ కొడుకుని వెనకేసుకు రాలేదు, నన్ను సమర్థించనూ లేదు. "ఊఁ" అనేది, అంతే. ఆ ఇంట్లో నా మాటకి "ఊఁ" కొట్టిన మనిషి ఆవిడొక్కతే. నేను వదులుకోలేనిది అది.

నేను వచ్చేశాక ఆయన వారానికి మూడు రోజులు ఒక మనిషిని పెట్టాడు. మంచి మనిషే. షాంపూ వేసి ఐదు నిమిషాల్లో కడిగి తువ్వాలు చుట్టేసేది. అత్తయ్య ఫోన్లో "ఇది నా తలని గిన్నె తోమినట్టు తోముతుందే అమ్మాయ్" అంది. వస్తానని ఆయనకి మెసేజ్ పెట్టాను. "ఇప్పుడు వద్దు, అమ్మ కన్‌ఫ్యూజ్ అవుతుంది" అని జవాబు. అలా ఎనిమిది నెలలు గడిచాయి. కన్‌ఫ్యూజ్ అయింది ఎవరో దేవుడికే తెలియాలి.

మీడియేటర్ ఆఫీసు ఒక డెంటల్ క్లినిక్ పక్కన. గోడ అవతల ఎవరి పన్నో తొలుస్తున్న చప్పుడు వినపడుతూ ఉంటుంది. ఆవిడ అరవై దాటిన తెల్లావిడ, కత్తిరించిన నెరిసిన జుట్టు, టేబుల్ మీద గిన్నె నిండా పిప్పరమెంట్లు. మొట్టమొదట నేను చూసింది ఆవిడ కుర్చీ ఎక్కడుందని. మాకిద్దరికీ సరిగ్గా మధ్యలో ఉంది. అప్పుడు కూర్చున్నాను.

ఇల్లు, కార్లు, మిగతావన్నీ లంచ్‌లోపే తేలిపోయాయి. తర్వాత నా కాగితం మీద ఆఖరి లైను చదివాను: శనివారం శనివారం అత్తయ్యకి తలంటడానికి వస్తాను. ఆయన "నో" అన్నాడు. కారణం కూడా చెప్పలేదు. మీడియేటర్ మమ్మల్ని రెండు గదుల్లో కూర్చోబెట్టి, అటూ ఇటూ తిరగడం మొదలుపెట్టింది. అటునుంచి వచ్చిన మాట: ఆవిడ నా తల్లి, మనిషిని పెట్టాను, విడిపోయాక కూడా ఇంటికొస్తుంటే జనం ఏమనుకుంటారు. ఇటునుంచి వెళ్లిన మాట: జనం సంగతి నాకొద్దు, ఇది ఒప్పుకోకపోతే పొద్దున ఒప్పుకున్నవి కూడా రద్దు, కోర్టులోనే చూసుకుందాం. నిజంగా అనేశాను. కోర్టు వద్దనుకుని వచ్చినదాన్ని, తాడో పేడో తేల్చుకుంటానని కూర్చున్నాను. మూడుసార్లు తిరిగాక మీడియేటర్ నా గదిలో కూర్చుని, చెప్పులు విప్పి పాదం నొక్కుకుంటూ అడిగింది.

"ఇంతకీ ఆవిడేమంటున్నారు?"

"ఎవరు?"

"జుట్టు ఎవరిదో ఆవిడ."

నేను అత్తయ్యని అడగలేదు. ఫోన్లో ఎన్నోసార్లు మాట్లాడాను గాని, "శనివారాల కోసం కొట్లాడుతున్నాను, మీకిష్టమేనా" అని ఒక్క ముక్క అడగలేదు. అంతా తేల్చేశాక చెప్దామనుకున్నాను. నీకెందుకు టెన్షన్ అని నేనే చూసేశా, అన్నమాట. ఇరవై రెండేళ్లు ఏ పనికి ఆయన్ని తిట్టానో సరిగ్గా ఆ పనే చేశాను. సిగ్గేసింది. ఆయన కూడా అడగలేదని తర్వాత తెలిసింది, కానీ దాంతో నా సిగ్గేమీ తగ్గలేదు.

ఆ సాయంత్రం మా అమ్మాయికి ఫోన్ చేసి జరిగింది చెప్పాను. "అమ్మా, నువ్వు నాన్నమ్మ కస్టడీ అడుగుతున్నావా? దట్స్ సో వియర్డ్" అని నవ్వి, "బట్ నాన్నమ్మ అడిగావా నువ్వు?" అంది. దాని తెలుగులో "ని" ఎప్పుడో రాలిపోయింది. బుద్ధి మాత్రం నాకంటే నయం.

రెండోసారికి అత్తయ్యని కూడా రమ్మనడానికి ఇద్దరం ఒప్పుకున్నాం. ఆయనే తీసుకొచ్చాడు. గంజిపెట్టిన చీర, మీద స్వెట్టర్, కాళ్లకి స్నీకర్స్. తల చూశాను. చిక్కులన్నీ అలాగే ఉంచి పిడికెడు ముడి వేశారు. "ఏంటే అట్టా చిక్కిపోయావ్?" అని నన్ను అడిగింది ఆవిడ.

తర్జుమా ఎవరు చేయాలన్నది చిక్కయింది. మా ఇద్దరిలో ఎవరు చేసినా రెండోవాళ్లకి నమ్మకం ఉండదు. ఫోన్లో రావాల్సిన తెలుగు మనిషి ఆ రోజు దొరకలేదు. వాయిదా వేద్దామా అంటే అత్తయ్య "నేను మళ్లీ రాను, ఇక్కడంతా పన్ను మందు వాసన" అంది. చివరికి మీడియేటర్ తన ఫోన్లో తర్జుమా యాప్ తెరిచి టేబుల్ మధ్యలో పెట్టింది. ఆవిడ ఇంగ్లీషులో అడిగింది. ఫోన్ తెలుగులో పలికింది:

"మీ మాజీ కోడలు మిమ్మల్ని సందర్శించడం గురించి మీరు ఎలా భావిస్తున్నారు?"

అత్తయ్య ఫోన్ వంక చూసింది, నా వంక చూసింది. "మాజీ ఏంటి? ఇదేమన్నా ఎమ్మెల్యేనా?"

ఫోన్ అది కూడా బుద్ధిగా ఇంగ్లీషులో చెప్పింది. ఎమ్మెల్యే అంటే ఏమిటని మీడియేటర్ అడిగింది. ఆయన తల దించుకున్నాడు గాని పెదవి చివర కదలడం నేను చూశాను.

అత్తయ్య ఫోన్ మీదికి వంగి, చెవిటివాళ్లకి చెప్పినట్టు గట్టిగా చెప్పింది. "శనివారం శనివారం ఇది నాకు తలంటేది. ఇది అంటినట్టు ఎవరూ అంటలేరు. నాకదే కావాల!"

మనకి తలంటడమంటే రెండర్థాలు. ఆ ఫోన్‌కి రెండోదొక్కటే వచ్చు. అది ఇంగ్లీషులో చెప్పినదాన్ని మళ్లీ తెలుగులో చెప్తున్నాను: "ప్రతి శనివారం ఈమె నన్ను తిట్టేది. ఈమె తిట్టినట్టు ఎవరూ తిట్టలేరు. నాకు అదే కావాలి."

మీడియేటర్ రాయడం ఆపేసింది. ముఖంలో రంగు మారింది. నా వైపు తిరిగి, చాలా నెమ్మదిగా, "ఇది నిజమేనా?" అంది. నేను జవాబు చెప్పబోయి నవ్వేశాను. ఆపుకోలేకపోయాను. ఎదురుగా ఆయన కూడా నవ్వుతున్నాడు, కళ్లద్దాలు తీసి కళ్లు తుడుచుకుంటున్నాడు. మేమిద్దరం ఒకే దానికి నవ్వి ఎన్నాళ్లయిందో. "నో, నో, ఆయిల్" అంటూ తన బట్టతల మీద రెండు చేతులూ పెట్టి రుద్ది చూపించాడు మీడియేటర్‌కి. "ఏంటి మీ నవ్వులు, నేనేమన్నానని?" అంటోంది అత్తయ్య.

నవ్వినంత మాత్రాన తేలిపోలేదు. తేరుకున్నాక ఆయన మళ్లీ మొదలుపెట్టాడు. "అది కాదమ్మా, ఇంటికొస్తే జనం..."

"తల ఎవరిదిరా?" అంది అత్తయ్య. "నా తల ఎవరంటాలో నేను చెప్తాను. నువ్వు కాదు." అని నా వైపు తిరిగింది. "నువ్వూ కాదు. ఎనిమిది నెలల్నుంచి నన్ను అడిగినవాళ్లు లేరు. ఒకళ్లు మనిషిని పెట్టారు, ఒకళ్లు లాయర్ని పెట్టారు. నేనేమన్నా సోఫానా?"

ఇద్దరం తలలు దించుకున్నాం. మీడియేటర్ ఫోన్ వైపు చూసింది, కానీ అది తర్జుమా చేసేలోపే తల ఊపింది. ఆవిడకి అర్థమైనట్టుంది.

"ఇది రావాల. కానీ నాదో షరతు" అంది అత్తయ్య. "నా తల అంటుతూ నా కొడుకుని ఒక్క మాట అనకూడదు. ఆరేళ్లు విన్నాను, చాలు. వాడి నోట నీ మీద మాట కూడా నేను రానివ్వను."

ఆయన వెంటనే ఒప్పుకున్నాడు. నేను ఏ గంటన్నర కోసం కొట్లాడానో, అందులోంచి సగం తీసేసి ఇస్తోంది ఆవిడ. "ఊఁ" కొట్టే మనిషి మిగులుతుంది, చెప్పుకునే మాట మిగలదు. పది నిమిషాలు టైమడిగి బయట కార్ పార్కింగ్‌లో నిలబడ్డాను. కోపమొచ్చింది, ఏడుపొచ్చింది. ఆరేళ్లు ఒక తల్లి ముందు ఆవిడ కొడుకుని తిట్టి, అది ఆవిడకెలా ఉంటుందో ఒక్కసారీ తల్చుకోలేదని అప్పుడు తట్టింది. లోపలికెళ్లి సరేనన్నాను.

దీన్ని రాజీపడటమంటారా? అనుకోండి. నా స్నేహితురాళ్లు అన్నారు. నా మాట వేరు. సోఫా మీద కూర్చున్న పెద్దమనుషులు నన్ను ఔననమన్నప్పుడు నాకు కాదనే వీల్లేదు, కాదంటే పొగరు. ఆ డెంటల్ క్లినిక్ పక్క గదిలో నేను కాదనొచ్చు. లేచి వెళ్లిపోవచ్చు, ఎవరూ ఏమీ అనరు. కాదనే వీలుండగా ఔనన్నదాన్ని నేను. నన్ను సర్దుకుపోయినదాని కింద లెక్కేయొద్దు.

"ఆ పదానికి ఇంగ్లీషులో ఏం రాయను? హెయిర్ వాష్?" అని అడిగింది మీడియేటర్.

"నో" అన్నాం ఇద్దరం ఒకేసారి.

తలంటు అన్న మాటనే ఇంగ్లీషు అక్షరాల్లో ఒక్కొక్కటే చెప్పాడు ఆయన. "టి తర్వాత హెచ్ వదిలేశారు" అన్నాను. దిద్దాడు. ఇల్లూ కార్లూ అయిపోయిన ఆ కాగితంలో చివరి పేజీ మీద ఉంది: ప్రతి శనివారం ఉదయం పది నుంచి పన్నెండు దాకా, తలంటు. కింద అత్తయ్య షరతు. మేమిద్దరం సంతకాలు పెట్టాం.

అత్తయ్య ఎడమచేత్తో పెన్ను అందుకుని "నేనెక్కడ పెట్టాల?" అంది. ఒప్పందం మా ఇద్దరి మధ్యేనని, ఆవిడ సంతకం అక్కర్లేదని మీడియేటర్ చెప్పింది. "అక్కర్లేదంటనా?" అని అత్తయ్య కాసేపు ఆలోచించింది. పెన్ను పక్కన పెట్టి రెండు పిప్పరమెంట్లు తీసుకుంది.

ఆ శనివారం పదింటికి వెళ్లి బెల్ కొట్టాను. ఆయన తలుపు తీసి, "గ్రోసరీకి వెళ్తున్నా" అని కారెక్కి వెళ్లిపోయాడు. టబ్‌లో అదే స్టూలు. చిక్కులు తీయడానికే అరగంట పట్టింది. నూనె పట్టించాను. చేతులకి పాత పని దొరికింది గాని నోటికి పని లేదు. ఆయన గురించి తప్ప ఆ బాత్రూమ్‌లో నేనెప్పుడూ ఏం మాట్లాడానని? వాతావరణం గురించి చెప్పాను. ఆవిడ "ఊఁ" అంది. మా హాస్పిటల్ గురించి చెప్పాను. "ఊఁ" అంది.

కుంకుడురసం పోస్తుంటే ఉన్నట్టుండి అత్తయ్య అంది. "నిన్న ఏం చేశాడో తెలుసా మా వాడు? ఆ సోఫా తీయించేసి కొత్తది తెప్పించాడు. తెల్లది! ట్రక్కు వచ్చిందాకా నాకొక్క ముక్క చెప్పలేదే! మనిషిననుకున్నాడా, మొద్దుననుకున్నాడా?"

పళ్ల బిగువున నోరు మూసుకున్నాను. ఇరవై రెండేళ్ల మాటలు నాలిక చివరిదాకా వచ్చి నిలబడ్డాయి.

"ఏం మాట్లాడవేంటే?"

"సంతకం పెట్టాను కదా అత్తయ్యా."

ఆవిడ ఒక కన్ను తెరిచింది, నురుగు పడుతున్నా. "నువ్వు పెట్టావు. నేను పెట్టానా?"

ఆ గంటంతా ఆవిడ కొడుక్కి తలంటింది, నేను ఆవిడకి తలంటాను. మధ్యమధ్యలో "ఊఁ" కొట్టాను.